ఐ-జెల్: నా కిట్‌లో తప్పకుండా ఉండేది

ఖమ్మం చుట్టుపక్కల నర్సింగ్ హోముల్లో మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను. గంటా గంటన్నరలో అయిపోయే ఆపరేషన్లకు ఊపిరి అందించడానికి నేను ఎక్కువగా వాడేది ఐ-జెల్ అనే, గొంతులో పెట్టే మెత్తటి గొట్టం.

మామూలు ట్యూబ్ వేయాలంటే లారింగోస్కోప్‌తో నాలుక ఎత్తి, స్వరతంతువుల మధ్య నుంచి శ్వాసనాళంలోకి దించాలి. ఐ-జెల్ అంత లోపలికి పోదు, స్వరపేటిక మీద మూతలా కూర్చుంటుంది. బ్రిటిష్ మత్తు డాక్టరు ఆర్చీ బ్రెయిన్ 1980లలో తెచ్చిన ఎల్‌ఎంఏ (లారింజియల్ మాస్క్ ఎయిర్‌వే)దీ ఇదే పద్ధతి. అయితే దానికి చుట్టూ గాలి నింపే కఫ్ (బుడగలాంటి అంచు) ఉంటుంది, దీనికి లేదు. జెల్లీ రాసి అంగిలి వెంబడి జార్చితే క్షణాల్లో పని అయిపోతుంది.

మొన్న రొమ్ములో గడ్డ తీయించుకోవడానికి ఒక టీచరమ్మ వచ్చింది. "మేడమ్, గొంతు పోదు కదా? పాఠాలు చెప్పాలి" అని రెండుసార్లు అడిగింది. పోదమ్మా అన్నాను. ఆమె బరువు 52 కిలోలు. ఐ-జెల్ సైజుల్లో మూడో నంబరు 30 నుంచి 60 కిలోలకు, నాలుగోది 50 నుంచి 90కి. రెండూ సరిపోయే బరువే. నేను మూడు వేశాను, అది నా తప్పు అంచనా. నోటి దగ్గర గాలి బుసలు కొట్టింది, వెంటిలేటరు పంపిన 400 మి.లీ.లో 300 కూడా తిరిగి రాలేదు. వెంటనే తీసి నాలుగు వేస్తే లీకు ఆగింది. వదిలే ఊపిరిని కొలిచే క్యాప్నోగ్రాఫ్‌లో కార్బన్ డయాక్సైడ్ గీత లేచి, పైన చదునుగా నిలబడి దిగింది. ఆ గీత చూస్తేనే నాకు టెన్షన్ తగ్గుతుంది. అందుకే సైజు విషయంలో బరువొక్కటే చూడకండి, మెడ, దవడ కూడా చూడండి. సాయంత్రం ఆమెకు గొంతులో కొద్దిగా గరగర ఉంది, మాట మాత్రం ఎప్పటిలాగే ఉంది.

దీని పరిమితి కూడా చెప్పాలి. పొట్టలోది పైకొస్తే ఊపిరితిత్తుల్లోకి పోకుండా ట్యూబ్ ఆపినంత గట్టిగా ఇది ఆపలేదు. సక్షన్ గొట్టం పొట్టలోకి దించడానికి పక్కన సన్నటి దారి ఉంది, సాయపడుతుంది కూడా, కానీ దాన్ని నమ్ముకోలేం. ఎమర్జెన్సీలకు, సిజేరియన్లకు నేను ట్యూబే వేస్తాను.

పోయిన నెల హెర్నియా కేసుకు అంతా సిద్ధం చేసుకున్నాక, ఏమైనా తాగావా అని మళ్లీ అడిగాను. "ఆరింటికి టీ తాగానండి, టిఫిన్ చెయ్యలేదు" అన్నాడు. పాలు కలిసిన టీకి ఆరు గంటలు ఆగాలి. సర్జన్ గారు విసుక్కున్నారు. అయినా ఆగాం. పన్నెండున్నరకు ఐ-జెల్ వేసి మొదలుపెట్టాం.