1956 మెల్‌బోర్న్: హాలా, డ్రైవ్‌ఇన్నా, టీవీనా?

1956 చివర్లో మెల్‌బోర్న్‌లో ఓ కుటుంబం. శనివారం సాయంత్రం ఎక్కడికి? ఊళ్లో కోటల్లాంటి సినిమా హాళ్లున్నాయి. శివారులోని బర్‌వుడ్‌లో డ్రైవ్‌ఇన్ ఉంది, అంటే కారులోనే కూర్చుని ఆరుబయట తెర మీద సినిమా చూసే చోటు. 1954 ఫిబ్రవరిలో తెరిచారు, దేశంలో అదే మొదటిది. ఇక నవంబరు 4న టీవీ కూడా వచ్చేసింది. సిడ్నీ వాళ్లకైతే సెప్టెంబరు 16నే వచ్చింది.

డబ్బు లెక్క చూస్తే టీవీ పక్కకు పోవాల్సిందే. సెట్టుకు వారాల తరబడి జీతం పోయాలి, పైగా ఏటా 5 పౌండ్ల లైసెన్సు. అందుకే నవంబరు 22న ఒలింపిక్స్ మొదలయ్యాక, సెట్టు లేనివాళ్లు షాపుల అద్దాల ముందు గుంపులుగా నిలబడి చూశారు. (ఆ ఒలింపిక్స్‌లోనే మన హైదరాబాద్ రహీం సాబ్ కోచింగ్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు.)

బొమ్మ సంగతికొస్తే హాలుకు తిరుగులేదు. ఆస్ట్రేలియా తొలి రంగుల కథాచిత్రం 'జెడ్డా' 1955లో వచ్చింది. ఇంట్లో టీవీకి రంగు రావడానికి 1975 దాకా ఆగాల్సి వచ్చింది. కాకపోతే అలాంటి సొంత సినిమాలు అరుదు. తెర మీద ఎక్కువగా ఆడేవి హాలీవుడ్, బ్రిటిష్ బొమ్మలే.

చంటిపిల్లలుంటే మాత్రం డ్రైవ్‌ఇన్‌కే నా ఓటు. పిల్లలకు పైజామాలు తొడిగి వెనక సీట్లో పడేసి, కిటికీకి స్పీకరు తగిలించుకుంటే చాలు. ఏడ్చినా ఎవరూ తిరిగి చూడరు. చిక్కల్లా ఎండాకాలంలోనే. బాగా చీకటి పడితే గానీ బొమ్మ పడదు, అప్పటికి పిల్లలు నిద్రలో ఉంటారు.

పిల్లల గొడవ లేకపోతే నేను టీవీనే కొంటాను, కానీ 1957 మే వరకు ఆగి. అప్పుడే మెల్‌బోర్న్ చానెల్ జీటీవీ-9లో గ్రాహం కెన్నెడీ 'ఇన్ మెల్‌బోర్న్ టునైట్' అనే రాత్రి లైవ్ షో మొదలుపెట్టాడు. వయసు 23. యాడ్స్ కూడా లైవ్‌లోనే చదవాలి. ఈయన వాటినే ఆటపట్టించి నవ్వించేవాడు. టీవీలోనూ అమెరికా సరుకే ఎక్కువ, నిజమే. కానీ ఒక ఊరి ప్రసారాన్ని ఇంకో ఊరికి పంపే కేబుల్ లైను సిడ్నీ, మెల్‌బోర్న్ మధ్య 1962 దాకా లేదు. అందుకని ఏ ఊరి లైవ్ షో ఆ ఊరు తయారుచేసుకోవాల్సి వచ్చింది. మెల్‌బోర్న్ జనానికి రాత్రి ఇంట్లో కూర్చుంటే తమ ఊరి మనిషి, తమ యాసలో, తమ మీదే జోకులేస్తూ కనిపించాడు. హాల్లో ఇది ఎక్కడ దొరుకుతుంది?

దేశానికి పడమటి కొసన పెర్త్‌లో ఉన్నవాళ్లకైతే ఈ టెన్షనే లేదు. 1959 అక్టోబరు దాకా అక్కడ టీవీ రాలేదు.