స్టీలు డబ్బా మీద పేరు: వన్‌టౌన్ దుకాణంలో చెక్కుడు పనిపై ఒక సమీక్ష

విజయవాడ వన్‌టౌన్‌లో స్టీలు సామాన్లు అమ్ముతూ, కొన్నవాటి మీద పేర్లు కూడా చెక్కి ఇచ్చే ఒక దుకాణంలో మా అమ్మ సంవత్సరీకానికి పంచడం కోసం 150 మూత డబ్బాలు చేయించాము. చనిపోయిన మామూలు మనిషి పేరు మన ఇళ్ళలో పదిమంది చేతుల్లో తిరిగేది ఇలాంటి డబ్బాల మీద, పళ్ళేల మీదనే గనుక, సామాను గురించి రెండు మాటలతో సరిపెట్టి, పేర్లు చెక్కే పని గురించి కొంత వివరంగా రాస్తున్నాను.

డబ్బాలు 304 రకం స్టీలువని దుకాణదారు చెప్పారు. ఆ రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. క్రోమియం వల్ల పైన ఏర్పడే పలుచని పొర గీత పడినచోట కూడా తనంతట తానే మళ్ళీ ఏర్పడుతుంది కాబట్టి అక్షరం చెక్కినచోట తుప్పు పట్టదు. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక రకమూ అక్కడ ఉన్నది, పంచిపెట్టేవాటికి చాలామంది దానినే తీసుకుంటున్నారు, కానీ ఉప్పూ పులుపూ తగిలేచోట అది అంతకాలం ఆగదు.

పేర్లు చెక్కడం రెండు విధాలుగా జరుగుతున్నది. మొదటిది చేతి మిషను. కరెంటుతో అదిరే సూదిమొనను పెన్నులా పట్టుకొని, ముందుగా ఏ గీతా గీసుకోకుండా, మేస్త్రీ నేరుగా రాసుకుంటూ పోతారు. గీతలా కనిపించేది దగ్గరగా చూస్తే ఒకదానినొకటి ఆనుకొని పడిన చుక్కల వరుస. వంపు తిరిగిన డబ్బా మీద ‘జ్ఞా’ రాయడానికి ఆయన కుడిచేతిని దాదాపు కదపరు, ఎడమచేత్తో డబ్బాను కొద్దికొద్దిగా తిప్పుతూ రేకునే సూది కిందికి తెస్తారు. మొదటి డబ్బాపై ‘జ్ఞాపకార్థం’లో థ వత్తుకు బదులు ధ వత్తు పడింది. చూపించగానే ఏ వాదనా లేకుండా ఆ డబ్బాను పక్కన పెట్టి కొత్తది తీసుకున్నారు, మిగిలినవన్నీ సరిగ్గా రాశారు. రెండవది లేజరు. అక్షరాలు అచ్చులో పడినట్లు నల్లగా, పొందికగా వస్తాయి, చూడగానే ఎవరికైనా అదే నచ్చుతుంది, కానీ వేలితో తడిమితే ఏమీ తగలదు. బంధువుల ఇంటి నుంచి మాకు వచ్చిన ఒక లేజరు పళ్ళెం మీది పేరు స్టీలు పీచు తోముడుకు అప్పుడే వెలిసిపోయింది. దానికంటే ఎంతో పాతదైన మా మేనత్త పెళ్ళి చెంబుపై మిషను చుక్కలను ఇప్పటికీ చదవవచ్చు. అందుచేత చేతి మిషనునే కోరుకోవాలని నా సలహా.

నా అభ్యంతరం చెక్కే విధానం మీద కాదు, చెక్కే వాక్యం మీద. దుకాణంలో నమూనా ఒక్కటే: ‘కీ.శే.’, ఇంటిపేరుకు ఒక పొడి అక్షరం, పేరు, ‘గారి జ్ఞాపకార్థం’, కింద తేదీ. బయట కొన్న సామానుకు అక్షరానికి ఇంత అని తీసుకునే పద్ధతి నుంచి ఈ పొదుపు పుట్టినట్లున్నది. ఇక్కడ కొన్నవాటికి రెండు వరుసల వరకు ఉచితమే అయినా వాక్యం మాత్రం పెరగలేదు. నలభై ఏళ్ళ తరువాత ఆ డబ్బాలో కందిపప్పు పోసుకునే పిల్లకు ‘కె. సుబ్బమ్మ’ అని చదివితే ఏమి తెలుస్తుంది? మేము మా అమ్మ ఊరి పేరు, ఆమె కుట్టుపని చేసి పిల్లలను చదివించిన సంగతి కలిపి మూడో వరుస రాయమన్నాము. “ఎవరు చదువుతారమ్మా ఇదంతా, పేరుంటే చాలదా?” అన్నారు మేస్త్రీ. డబ్బాకు 5 రూపాయలు అదనంగా తీసుకొని రాశారు, బాగానే రాశారు.

ఆ మూడో వరుస విలువ తెలియాలంటే అమరావతి స్తూపం శాసనాలను చూడాలి. క్రీస్తు శకం తొలి శతాబ్దాలలో ఆ స్తూపానికి దానాలు చేసినవారిలో వర్తకులు, గృహిణులు, భిక్షుణులు, చేతిపనులవారు ఎందరో ఉన్నారు. విధికుడనే చర్మకారుడు వారిలో ఒకడు. పూర్ణఘటం చెక్కిన పలకను ఇస్తూ, తాను ఉపాధ్యాయుడైన నాగుడి కుమారుడినని, తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు నాగుడు, కూతుళ్ళు, బంధుమిత్రులతో కలిసి ఇస్తున్నానని ప్రాకృతంలో రాయించాడు. అందువల్లనే ఆయన ఏ పని చేసి బతికాడో, కొడుక్కి తన తండ్రి పేరే పెట్టుకున్నాడని కూడా మనకు ఈనాటికీ తెలుస్తున్నది. (2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీసుకున్న రాష్ట్ర చిహ్నం మధ్యలో ఉన్నదీ అమరావతి పూర్ణఘటమే.) ‘కీ.శే. వి.’ అని మాత్రమే రాయించి ఉంటే ఆయన ఎవరికి కావాలి?

రాయి కదా, నిలిచింది అనుకోవడానికి వీలులేదు. అమరావతి పలకల్లో ఎన్నింటినో సున్నం కోసం కాల్చివేశారు. మన ఇళ్ళలోనూ అమ్మమ్మల పేర్లున్న ఇత్తడి బిందెలు, కంచు గిన్నెలు స్టీలు సామాన్లకు మార్పిడిగా వెళ్ళిపోయాయి. పొలం కాగితాల్లో మగవారి పేర్లే ఉండేవి కనుక, చాలామంది స్త్రీల పేరు రాతలో ఉన్న ఒకే ఒక్క చోటు పుట్టింటివారు ఇచ్చిన ఆ బిందెనే. శ్రాద్ధంలో సైతం పేరు, గోత్రం చెప్పి పిండం పెట్టేది తండ్రి, తాత, ముత్తాత అనే మూడు తరాలకే, ఆ పైవారి పేర్లు అడిగేవారు లేరు. ఈ లెక్కన ఒక్క మంచి వస్తువు మీద ఎంత లోతుగా చెక్కించినా భరోసా లేదు. ఒకే మాటను 150 ఇళ్ళకు పంపితే కొన్ని పాత సామాన్లవాడి తూకానికి పోయినా, కొన్ని ఏదో ఒక వంటింటి అటకమీద మిగులుతాయి. సంవత్సరీకంలో డబ్బాలు పంచడం ఆడంబరమని విమర్శించేవారు మా బంధువుల్లోనూ ఉన్నారు, ఈ ఒక్క కారణంతో నేను వారితో ఏకీభవించను.

దుకాణానికి ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఊరు, పని, బంధుత్వం రాయడానికి వీలుగా ఒక మూడు వరుసల నమూనాను కూడా గోడకు తగిలించి ఉంటే ఐదూ ఇచ్చేదానిని. పెళ్ళిళ్ళ రోజుల్లో రద్దీ వల్ల పని ఆలస్యమవుతుంది కనుక వారం ముందుగానే ఇవ్వాలి. పేరును అడుగున కాక అంచుకు కాస్త కిందగా వేయమని అడగాలి, పొయ్యి మీద, గట్టు మీద రాసుకునేది అడుగే. మూత మీద కూడా పేరు వేయించుకోవాలి. మూతలు ఇంట్లో ఇట్టే మారిపోతాయి, పైగా మూతకు వీరు వేరే డబ్బు తీసుకోరు.