రస్సెల్ కౌబాయ్ చిత్రమని నమ్మి 3,400 డాలర్లు పోగొట్టుకున్నాను, కొనేవారు జాగ్రత్త

నిన్న రాత్రి ఫ్రేము విప్పి చూసినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. పాత అమెరికా పశ్చిమ ప్రాంతపు బొమ్మలు కొనేవారికి ఆ ఆన్‌లైన్ వేలం సంస్థ ఏదో తెలిసే ఉంటుంది, అందుకే పేరు రాయడం లేదు. చార్లెస్ రస్సెల్ నీటిరంగుల చిత్రమనుకొని నేను వారికి కట్టింది 3,400 డాలర్లు.

పదహారేళ్ల వయసులో, 1880లో, మోంటానా చేరి, రాత్రుళ్లు మందలు కాస్తూ తాను చూసిన బతుకునే బొమ్మలు గీసిన మనిషి రస్సెల్. 1886-87 చలికాలంలో పశువులు మందలు మందలుగా చచ్చిపోయినప్పుడు ఎముకలు తేలిన ఒక్క ఆవును చిన్న అట్టముక్క మీద నీటిరంగులతో వేసి చూపించిన ఆయన చేతిపని మా ఇంటి గోడ మీద ఉండాలని ఏళ్ల తరబడి కోరుకున్నాను. సంతకం పక్కన ఆయన వేసే బైసన్ పుర్రె కనిపించేసరికి ఇంకేమీ అడగలేదు. ఆయన అసలు చిత్రం ఆ ధరకు రాదని తెలిసి కూడా ఆశపడ్డాను, ఆ తప్పు పూర్తిగా నాదే.

భూతద్దం పెట్టి చూస్తే గుర్రం మెడ నిండా వరుసగా పేర్చినట్టు అచ్చు చుక్కలే కనిపించాయి, అంటే అది చేత్తో వేసింది కాదు, యంత్రం మీద అచ్చువేసింది. రౌతు మెడలోని ఎర్ర రుమాలు మీద మాత్రం ఎవరో నిజమైన రంగు రెండు పూతలు పూశారు, వేలితో తడిమితే తగిలేది అదొక్కటే.

ఫోన్ చేస్తే అవతలి మనిషి, వివరణలో రస్సెల్ పేరుకు ముందు ‘ఆఫ్టర్’ అని స్పష్టంగా రాశామని, అంటే ఆయన బొమ్మకు నకలు అని అర్థమని చెప్పి, ఆగకుండా “మీకు ఇంగ్లీషు చదవడం రాకపోతే ఆ బాధ్యత మాది కాదు” అన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఈ దేశంలో ఉద్యోగం చేస్తున్న నాకు ఆ క్షణంలో గొంతు పెగల్లేదు. నకలుకు పుర్రె గుర్తుతో సహా సంతకం ఎందుకు ఉంచారని, రుమాలు మీద రంగు ఎవరు పూశారని అడిగేలోపే ఫోన్ పెట్టేశాడు. డబ్బు పోయినదానికంటే ఆ మాటే నన్ను ఎక్కువగా కాలుస్తోంది.

కొనేముందు చిత్రకారుడి పేరు పక్కన ‘ఆఫ్టర్’, ‘మేనర్ ఆఫ్’ (ఆయన శైలిలో వేరొకరు వేసినది) లాంటి మాటలు ఉన్నాయేమో చూడండి, ఫ్రేము లేకుండా ముందూ వెనుకా దగ్గరగా తీసిన ఫొటోలు అడగండి. నిజమైన నీటిరంగు కాగితపు గరుకులోని గుంటల్లోకి దిగి ఉంటుంది, చుక్కలుగా ఉండదు. క్రెడిట్ కార్డు వారికి ఈ ఉదయమే ఫిర్యాదు పంపాను, ఏ జవాబు వచ్చినా ఇక్కడే రాస్తాను.