పన్నెండేళ్లకు మా ట్రంకుపెట్టెలో మిగిలిన విలన్లు

నెల్లూరు మూలాపేటలో మా ఇంటి అటక మీద ఒక ట్రంకుపెట్టె ఉంది. అందులో ఒకప్పుడు నలభై మూడు సూపర్‌హీరో కామిక్స్ సంపుటాలు ఉండేవి. ఇప్పుడు పద్నాలుగు మిగిలాయి. కొన్ని అమ్మేశాను, కొన్ని అడిగినవాళ్లకు ఇచ్చేశాను, మూడింటిని పురుగులు తిన్నాయి. పన్నెండేళ్లుగా ఏది ఉంచాలి, ఏది సాగనంపాలి అని తేల్చుకుంటూ వచ్చాను గానీ, హీరోను చూసి ఒక్క పుస్తకమూ ఉంచుకోలేదని ఈ మధ్యే గమనించాను.

ముందు వస్తువు సంగతి చెప్పేస్తాను. చాలావరకు చెన్నై సెంట్రల్ పక్కన పాత పుస్తకాల కొట్లలో కొన్నవే. పొద్దున రైలెక్కితే రాత్రికి సంచి బరువుతో ఇల్లు చేరవచ్చు. మన కోస్తా ఊళ్లలో కొనేవాళ్లు కుట్టుబైండు ఉన్నవే కొనండి. జిగురుబైండువి రెండు మూడు రోహిణి కార్తెలకే వెన్ను విడుస్తాయి. నున్నటి కాగితానికీ చెమ్మకూ సరిపడదు. 2015 నవంబరు వానలకు మా అటక కారి ఒక బ్యాట్‌మ్యాన్ సంపుటంలో పుటలు అతుక్కుపోయాయి. బలవంతంగా విడదీస్తే రెండు ముఖాల విలన్‌కు మూడో ముఖం వచ్చింది. అప్పటి నుంచి పెట్టెలో కలరా ఉండలూ ఎండు వేపాకూ వేస్తున్నాను. వేపాకు వల్ల లాభం ఉందో లేదో గానీ, వెయ్యకపోతే మా అమ్మ ఊరుకోదు.

అందరిలాగే నేనూ బ్యాట్‌మ్యాన్ విలన్ జోకర్‌తో మొదలుపెట్టాను. 1940లో బ్యాట్‌మ్యాన్ మొదటి సంచికలోనే వచ్చినవాడు, ఆ సంచికలోనే చావవలసినవాడు. తన కత్తి తనకే దిగేలా కథ ముగించారు. సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్ ఒప్పుకోకపోవడంతో, వీడికి ఇంకా ప్రాణం ఉందని చెప్పే బొమ్మ ఒకటి చివర చేర్చారు. ఎనభై అయిదేళ్ల వ్యాపారం ఆ ఒక్క గడి మీద నిలబడింది.

వాడిని పుట్టించింది ఎవరన్న దాని మీద రచయిత బిల్ ఫింగర్, చిత్రకారులు బాబ్ కేన్, జెర్రీ రాబిన్సన్‌ల మధ్య ఎన్నడూ లెక్క తెగలేదు. పేకముక్క ఆలోచన తనదేనని రాబిన్సన్ చెప్పుకున్నాడు. వాడి నవ్వు ముఖం మాత్రం 1928 నాటి ఒక మూకీ సినిమాలో నటుడు కాన్రాడ్ వైట్‌ది. ఆ సినిమాకు ఆధారం విక్టర్ హ్యూగో 1869లో రాసిన నవల. నన్ను ఆపేసిన సంగతి ఇక్కడుంది. ఆ నవలలో నవ్వు ముఖం ఉన్నవాడు దుర్మార్గుడు కాదు. పసితనంలోనే ఎవరో ముఖం కోసి నవ్వు మిగిల్చిన అభాగ్యుడు. కామిక్స్ వాళ్లు ముఖాన్ని తెచ్చుకుని, మనిషిని అక్కడే వదిలేశారు.

అందుకే కాబోలు, జోకర్ లోపల ఎవరూ ఉండరు. ఏ రచయితకు ఏది కావాలంటే అది నింపుకుంటాడు. మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు జలదరించిన మాట నిజం. నాలుగోసారికి గారడీ చేసేవాడి చేతులే కనిపించాయి. రమ్మీ ఆడేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. జోకర్ ఏ ముక్క స్థానంలోనైనా ఒదుగుతాడు, కానీ జోకర్ లేని వరస ఒకటి పడందే షో చెప్పలేం. పెట్టెలో వాడివి ఏడు పుస్తకాలు ఉండేవి, ఒకటే ఉంచాను.

ఆ జోకర్ లేని వరస నాకు డాక్టర్ డూమ్ దగ్గర దొరికింది. దొరికించింది మా నాయన.

ఆయన తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. నలభై ఏళ్ల పాటు కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు ఊళ్లలో తిరునాళ్లకు పద్యనాటకాలు ఆడారు. ఆయనది ఎప్పుడూ సుయోధనుడి వేషమే. కృష్ణుడి వేషం ఇస్తామన్నా పుచ్చుకోలేదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, వరండాలో నేను తెరిచి పెట్టుకున్న పుస్తకం వైపు తొంగిచూశారు. ఇనుప ముసుగు, ఆకుపచ్చ అంగీ. "కిరీటం లేని ఈ రాజు ఎవరు?" అన్నారు.

స్టాన్ లీ, జాక్ కర్బీ 1962లో ఫెంటాస్టిక్ ఫోర్ అయిదో సంచికలో పరిచయం చేసిన విలన్ అనీ, వాడి పుట్టుపూర్వోత్తరాలు రెండేళ్ల తర్వాత ఒక వార్షిక సంచికలో చెప్పారనీ వివరించి, ఆ కథ తెలుగులో వినిపించాను. విశ్వవిద్యాలయంలో చేరిన రోజుల్లో, తర్వాత ఫెంటాస్టిక్ ఫోర్ హీరోల నాయకుడయ్యే రీడ్ రిచర్డ్స్ ఒకే గదిలో ఉందామని అడుగుతాడు. డూమ్ కాదంటాడు. తర్వాత ఒకరోజు రీడ్ గదిలోకి వచ్చి, బల్ల మీది కాగితాలు చూసి, నీ లెక్కలో తప్పుంది, సరిచూసుకో అంటాడు. డూమ్ వినడు. యంత్రం పేలి ముఖం కాలుతుంది. ఆ తర్వాత లోహపు ముసుగు పోతపోయించుకుని, అది పూర్తిగా చల్లారకముందే ముఖానికి తగిలించుకుంటాడు. తప్పు దిద్దబోయిన రీడ్ మీద మాత్రం జన్మంతా పగే.

నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇది ఘోషయాత్ర కదరా" అన్నారు.

ఎన్నిసార్లు చదివినా నాకు తట్టని సంగతి అది. అరణ్యపర్వంలో నన్నయ వదిలిన భాగాన్ని పూర్తిచేసిన ఎర్రన మా పక్కనే ప్రకాశం సీమవాడు, అద్దంకి ఆస్థాన కవి. ఘోషయాత్ర ఆయన వంతుకే వచ్చింది. ఆలమందలను లెక్కపెట్టే నెపంతో, అడవిలో ఉన్న పాండవులకు తన వైభవం చూపించాలని దుర్యోధనుడు బయలుదేరతాడు. గంధర్వులు పట్టి కట్టేస్తారు. ధర్మరాజు తమ్ముళ్లను పంపి విడిపిస్తాడు. చెరలో పడినందుకు కాదు, వీళ్ల చేత విడుదలైనందుకు దుర్యోధనుడు ప్రాయోపవేశానికి సిద్ధపడతాడు. దెబ్బను మరిచిపోగలడు గానీ, శత్రువు చేసిన మేలును మింగలేడు. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్న మొండితనానికి వేరు అక్కడుంది. తిక్కన ఉద్యోగపర్వంలో ఆ వేరు కనబడదు, చెట్టు మాత్రం కనబడుతుంది. అది తిక్కన తప్పు కాదని నాయన గట్టిగా అంటారు. నెల్లూరివాడిని కాబట్టి నేనూ వాదించను.

లీ, కర్బీలకు ఘోషయాత్ర తెలుసని నేను అనడం లేదు. రెండు చోట్లా పనిచేసిన సూక్ష్మం ఒకటే అంటున్నాను. ఇల్లు కాల్చినవాడి మీద ఎవరికైనా పగ పుడుతుంది. మన తప్పు మనకంటే ముందు కనిపెట్టి, మర్యాదగా చెప్పినవాడి మీద పుట్టే పగ వేరు. నా పెట్టెలో మిగిలిన పద్నాలుగింట్లో ఎక్కువ భాగం ఆ రెండో రకం పగ ఉన్నవే.

అన్నీ కాదు. మాగ్నెటోది వేరే దారి. 1963లో ఎక్స్‌మెన్ మొదటి సంచికలో వచ్చినప్పుడు, ప్రపంచాన్ని లొంగదీసుకుంటానని అరిచే మామూలు విలనే. 1981లో 150వ సంచికకు వచ్చేసరికి రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ అతని బాల్యాన్ని నాజీల మరణ శిబిరం ఆష్‌విట్జ్‌లో పెట్టాడు. ఒక పిల్లను దాదాపు చంపేశాక తన చేతులు తనకే కనిపించి ఆగిపోతాడు. ఆ పుటలు ఇప్పటికీ నిదానంగా తిప్పుతాను. చిక్కేమిటంటే ఇది చూసి తర్వాత చాలామంది రచయితలు ప్రతి విలన్‌కూ ఒక కన్నీటి బాల్యాన్ని కుట్టడం మొదలుపెట్టారు. చెడ్డ తండ్రి, చచ్చిన తమ్ముడు, వాన. ఆ రకం ఎనిమిది పుస్తకాలు ఒకేసారి అమ్మేశాను. కొన్నవాడు తూకానికి తీసుకున్నాడు, నేనూ బేరమాడలేదు.

అంతకంటే ముందే పోయినవి 1950ల చివరి కథల పునర్ముద్రణలు. 1954లో అమెరికాలో కామిక్స్ సంస్థలు తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నాయి. నేరస్థుడి మీద జాలి పుట్టకూడదు, ప్రతిసారీ మంచే గెలవాలి. ఆ దెబ్బతో జోకర్ కోరలు పీకిన పాములా చిల్లర కొంటెపనులకు దిగాడు. రంగులు బాగుంటాయి, అంతే. 1971లో పట్టు కొంత సడలింది. డూమ్ గతం చెప్పింది ఆ నియమావళి అమల్లో ఉండగానే అన్నది గుర్తుపెట్టుకోదగిన సంగతి. జాలి చూపమని ఎక్కడా అడగకుండానే పని కానిచ్చారు.

ఇక నాకున్న పెద్ద ఫిర్యాదు. వీళ్లు చావరు. 1973లో స్పైడర్‌మ్యాన్ 121వ సంచికలో గ్రీన్ గాబ్లిన్ హీరో ప్రియురాలు గ్వెన్‌ను వంతెన మీది నుంచి తోసేస్తాడు. తర్వాతి సంచికలో తన ఎగిరే వాహనమే గుచ్చుకుని చచ్చిపోతాడు. ఆ రెండు సంచికలు కలిపి చదివితే వాటికి ఇంకేమీ చేర్చనక్కర్లేదు. 1996లో వాడు బతికే ఉన్నాడని తేల్చారు. అది చదివిన రోజు పుస్తకం గోడకేసి కొట్టినంత పని చేశాను.

నాయనతో అంటే నవ్వారు. "నేను ఎన్ని వందల సార్లు తొడలు విరగ్గొట్టించుకున్నానో! మర్నాడు పక్క ఊళ్లో మళ్లీ మీసం దిద్దుకుని లేవలేదా?"

"మర్నాడు భీముడికి నిన్నటి చావు గుర్తుండదు కదా నాయనా" అన్నాను. దానికి ఆయన జవాబు చెప్పలేదు. ఒప్పుకున్నారని కాదు, ఆయన పద్ధతి అంతే.

కొత్తగా కొనేవాళ్లు 1960ల ఫెంటాస్టిక్ ఫోర్ కథలతో మొదలుపెట్టండి. మాటలు ఎక్కువ, అక్షరాలు చిన్నవి, లావు సంపుటాల్లో నడిమి వరస మడతలోకి పోతుంది, అయినా సరే. జోకర్‌వి ఒకటి రెండు చాలు.

నా డూమ్ సంపుటం జిగురుబైండుది. పోయిన వేసవిలో వెన్ను పూర్తిగా ఊడిపోతే బైండింగు కొట్టుకు పట్టుకెళ్లాను. నాయనా వెంట వచ్చారు. అట్ట మీద ఏ పేరు కొట్టాలని బైండరు అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాయన "సుయోధనుడు అని కొట్టు" అన్నారు. డూమ్ అనే కొట్టించాను. సుయోధనుడు అన్నది పాత్ర పేరే గానీ పుస్తకం పేరు కాదని, మర్యాదగానే చెప్పాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.