తారు చెరువు చూడాలంటే పొద్దున్నే వెళ్లండి

మా అల్లుడు కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో గ్యాస్ ప్లాంటులో పనిచేస్తాడు. “మామయ్యా, బీచ్‌కి వెళ్దామా?” అంటే, “ముందు తారు చెరువు” అన్నాను. ముప్పై ఏళ్లు ఆర్ అండ్ బీలో రోడ్లు వేయించినవాణ్ణి మరి!

శాన్ ఫెర్నాండో దాటి ఇంకా దక్షిణానికి పోతే లా బ్రే. స్పానిష్‌లో ఆ మాటకి తారు అనే అర్థం. 1797లో ఇంగ్లీషువాళ్లు లాక్కునేదాకా ఈ దీవి స్పెయిన్ కింద ఒక ప్రావిన్సు. ఊళ్లోకి రాగానే నవ్వొచ్చింది. దేశదేశాలకు తారు పంపే ఊళ్లో రోడ్డు అలలు అలలుగా ఉంది! కింద తారు కదులుతుంటుందట, కొన్ని ఇళ్లు కూడా ఒరిగాయి. పాపం, కాంట్రాక్టరుని తిట్టడానికి లేదు.

చెరువు సుమారు 100 ఎకరాలు. గట్టు మీంచి చూసి మా ఆవిడ “వాన కురిసిన బస్టాండులా ఉంది, దీనికా ఇంత దూరం?” అంది. నిజమే, లోపలికి నడిస్తేనే తెలుస్తుంది. ఏనుగు తోలులా ముడతలు, ముడతల మధ్య వాన నీళ్లు. ఒకేచోట కాసేపు నిలబడితే చెప్పు అచ్చు పడుతుంది. గైడు మెత్తటి చోట పుల్ల గుచ్చి లేపితే తీగపాకంలా సాగింది. నేను వేలు పెట్టాను. రాత్రి కిరోసిన్‌తో తుడిస్తేగానీ వదల్లేదు.

ఇది మనం రోడ్లకి డ్రమ్ముల్లో తెప్పించే రిఫైనరీ తారు, అదే వీజీ-30 రకం కాదు. శుద్ధి చేశాక కూడా సగానికి కాస్త ఎక్కువే బిటుమెన్ (అంటే అసలు తారు జిగురు), మిగతాది చాలావరకు సన్నటి మట్టి. 1876లో వాషింగ్టన్‌లో పెన్సిల్వేనియా అవెన్యూకి పరిచింది ఈ తారే. తవ్విన గుంత మెల్లగా దానంతటదే పూడుతుంది.

దారిలో చెరకు తోటల కోసం చూశాను. ప్రభుత్వ చక్కెర కంపెనీ 2003లోనే మూతపడిందట. ఆ చెరకు కోసమే 1845 నుంచి మనవాళ్లని ఓడల్లో తెచ్చారు. మద్రాసులో ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. పాయింట్-ఎ-పియర్ రిఫైనరీ కూడా 2018లో ఆగిపోయింది. ఇప్పుడు గ్యాసే ఆధారం, మా అల్లుడికి కూడా.

గైడుకి ఐదుకి ఐదు. టాక్సీవాడికి ఒకటి కూడా ఎక్కువే. ఎనిమిదింటికి రమ్మంటే పదిన్నరకి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, గొడుగంత నీడ లేని చోట, నల్లటి తారు మీద నిలబడ్డాం. తిరుగుదారిలో బండి మీద డబుల్స్ తిన్నాం: రెండు మెత్తటి బారాల (మన పూరీల్లాంటివి) మధ్య శనగల కూర. కారం కొంచెమే వెయ్యమనండి. గుంటూరువాణ్ణని గొప్పకి పోయి నేను ఎక్కువ వేయించుకున్నాను.