ఇంట్లో బెంచ్ వైస్: 4 అంగుళాలదా 6 అంగుళాలదా, కొత్తదా పాతదా, దేనిమీద బిగించాలి?

ఇంట్లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకునేవాళ్లు డ్రిల్లింగ్ మెషీనూ గ్రైండరూ కొన్నాక గానీ వైస్ జోలికి, అంటే పని చేసే ముక్కని రెండు దవడల మధ్య బిగించి పట్టే పనిముట్టు జోలికి రారు. నా లెక్కలో వైసే ముందు రావాలి. ఇనుప ముక్కను కాలికింద తొక్కిపట్టి గ్రైండర్ పెట్టడం కంటే, వైస్‌లో బిగించి హాక్సా బ్లేడుతో కోసుకోవడం వేళ్లకీ మేలు, పనికీ మేలు. తీరా షాపుకెళ్తే అన్నీ ఒకే నీలం రంగు, ధరలు మాత్రం ఒకటికి మూడింతలు తేడా.

సైజుతో మొదలుపెడదాం. వైస్ సైజు అంటే దవడ వెడల్పు. దవడలు ఎంత దూరం తెరుచుకుంటాయన్నది వేరు, అదీ అడిగి చూసుకోండి. ఇంట్లో వైస్‌కి ఎక్కేవి ఏమిటి? అంగుళం లోపు పైపులు, ఎల్-యాంగిల్ ముక్కలు, గొళ్లేలు, తుప్పుపట్టిన తాళంకప్ప, సైకిల్ ఇరుసు, ఫ్యాన్ షాఫ్టు. వీటన్నిటికీ 4 అంగుళాలది చాలు. 3 అంగుళాలదాంతో రెండు నెలలకే విసుగొస్తుంది. బైకు ఇంజిన్ పనులు, గేటు పనులు చేసేవాళ్లయితే 6 అంగుళాలది తీసుకోవచ్చు, కానీ దాని బరువు 4 అంగుళాలదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది, దాన్ని మోసే బల్లకీ అంత ఖర్చవుతుంది. ఊగే బల్లమీద 6 అంగుళాల వైస్ కంటే కదలని బల్లమీద 4 అంగుళాలదే ఎక్కువ పని చేస్తుంది. బడ్జెట్ ఒకటే అయితే వైస్‌లో తగ్గించి బల్లలో పెట్టండి.

సైజు కంటే ముఖ్యమైంది లోహం. చవక వైసులన్నీ మామూలు బీడు. బీడులో గ్రాఫైట్ రేకులు రేకులుగా పరుచుకుని ఉంటుంది, ఆ రేకుల కొసల్లోనే పగులు పుడుతుంది. ఎస్‌జీ ఐరన్ అనే మేలురకం పోత ఇనుములో మెగ్నీషియం కలపడంవల్ల అదే గ్రాఫైట్ చిన్న చిన్న గుండ్లుగా మారుతుంది, పగులు అంత తేలిగ్గా పాకదు. ఎఫ్‌జీ 200 గ్రేడు బీడు చదరపు మిల్లీమీటరుకి 200 న్యూటన్ల లాగుడు తట్టుకుంటుంది. ఎస్‌జీ 500/7 అయితే 500 తట్టుకుని, తెగేముందు 7 శాతం సాగుతుంది. బీడు దాదాపు సాగదు, చెప్పాపెట్టకుండా టక్కుమంటుంది.

ఇంటి వైస్‌కి అంత బలం ఎందుకంటారా? చిన్న లెక్క వేద్దాం. హ్యాండిల్‌ని స్క్రూ మధ్యనుంచి 150 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని 20 కిలోల బలంతో తిప్పారనుకోండి. స్క్రూ మరకు మరకు మధ్య దూరం 5 మిల్లీమీటర్లు. రాపిడికి ముప్పాతిక వంతు పోయినా దవడల మధ్య పడే నొక్కుడు 900 కిలోలు దాటుతుంది. అదే హ్యాండిల్‌కి పైపు తొడిగి పొడవు రెట్టింపు చేస్తే 1,800 కిలోలు. బీడు వైసులు పగిలేది ఎక్కువగా ఇలా పైపు తొడిగినప్పుడో, దవడ మీద సుత్తి దెబ్బ పడినప్పుడో. చేత్తోనే బిగిస్తాను, సుత్తి పని తక్కువ అనేవాళ్లకి మంచి బీడు వైస్ ఏళ్లతరబడి వస్తుంది. మీ చెయ్యి అలాంటిది కాదని మీకే తెలిస్తే ఎస్‌జీకి డబ్బు పెట్టండి.

షాపులో మాత్రం అన్నీ స్టీలే. "పడేసినా పగలదు సార్, ఫుల్ స్టీలు" అంటారు. "అయితే బిల్లు మీద స్టీలని రాసివ్వండి" అని అడిగి చూడండి, సగం మంది దగ్గర మాట మారుతుంది. ఎస్‌జీ రకమైతే డబ్బా మీదో బాడీ మీదో రాసి ఉండటం మామూలే, ఎందుకంటే అమ్ముడుపోయేది ఆ మాటతోనే.

కొత్తదైనా పాతదైనా షాపులోనే మూడు పరీక్షలు చెయ్యండి. సగం తెరిచి, కదిలే దవడని పైకీ కిందికీ ఊపండి. కాస్త ఆట సహజం, గడగడలాడితే వద్దు. దవడలు మూసి వెలుతురుకేసి పట్టండి. కింద ఆనుకుని పైన సందు కనిపిస్తే, సన్న రేకు పట్టుకున్నప్పుడల్లా జారుతుంది. మూడోది, హ్యాండిల్‌ని వెనక్కి తిప్పుతూ దవడ ఎప్పుడు కదులుతుందో చూడండి. పావు చుట్టు లోపల కదిలితే బాగున్నట్టు. అర చుట్టు ఉత్తినే తిరిగితే మరలు అరిగినట్టు.

ఈ చివరి పరీక్ష పాతవాటికి ప్రాణం లాంటిది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ ఊళ్లో పాత ఇనుప సామాన్ల కొట్లోనో దళసరి బాడీ ఉన్న పాత వైస్ దొరికితే, అదే డబ్బుకొచ్చే కొత్త బీడు వైస్ కంటే అది మేలని నా ఓటు. తుప్పు చూసి భయపడకండి, అది పోతుంది. దవడల ముఖానికి బిగించిన జా ప్లేట్లు అరిగినా ఫర్వాలేదు, స్క్రూలు విప్పి కొత్తవి వేసుకోవచ్చు. స్క్రూ తిరిగే బాక్స్ నట్టు అరిగితే మాత్రం అది లేత్ షాపులో చేయిస్తే వైస్ ధరంత అవుతుంది. ఇంకొకటి, కొత్తగా రంగేసిన పాత వైస్‌ని నమ్మొద్దు. కదిలే దవడ మెడ దగ్గరా బోల్టు చెవుల దగ్గరా గోరుతో గీకండి. రంగు కింద లప్పం గానీ, ఇత్తడి రంగు గీత గానీ, వెల్డింగ్ బొడిపెలు గానీ కనిపిస్తే అది ఒకసారి పగిలి అతుకు పడిన సరుకే.

స్వివెల్ బేస్ సంగతి రెండు మాటల్లో తేల్చేస్తాను. తిరిగే బేస్ చూడ్డానికి బాగుంటుంది, మొదటి వారం తిప్పుతాం, తర్వాత ఒకే దిక్కున ఉండిపోతుంది. గట్టిగా ఆకురాయి పడితే దాని లాక్ బోల్టులే ముందు జారతాయి. బల్ల గది మూలకి ఇరుక్కుని, పొడుగు రాడ్లకి చోటు లేనివాళ్లకి తప్ప మిగతావాళ్లకి ఫిక్స్‌డ్ బేసే మేలు.

ఇక బిగించడం. మనవాళ్లకి మొదట కంటపడేది వంటగట్టు లాంటి బండ: వరండాలో కడప బండ, లేకపోతే మిగిలిపోయిన గ్రానైట్ ముక్క. బరువుంది, కదలదు, డ్రిల్ చేస్తే సరి అనిపిస్తుంది. కానీ బండ నొక్కుడుకి ఆగినంతగా వంపుకి ఆగదు. అంగుళం లోపు మందమున్న బండకి అంచు దగ్గర నాలుగు చిల్లులు పొడిచి, ఆ అంచునే రోజూ లాగితే, పగులు చిల్లునుంచి చిల్లుకి పాకుతుంది. వద్దు.

మామూలు ప్లైవుడ్ టేబుల్‌కి చెక్క స్క్రూలతో బిగించడం ఇంకా దండగ. నేను మంచిదనేది ఎల్-యాంగిల్ ఫ్రేము, పైన రెండంగుళాల మందం చెక్క. 50×50×6 మిల్లీమీటర్ల యాంగిల్‌తో వెల్డింగ్ షాపులో ఫ్రేము చేయించుకోండి. చెక్కకి కొత్త టేకు అక్కర్లేదు. పాత ఇళ్లు పడగొట్టిన కలప అమ్మే డిపోల్లో ద్వారబంధాల చెక్కలు దొరుకుతాయి, ఎన్నో ఏళ్లు ఎండినవి కాబట్టి వంకరపోవు. మేకులు మాత్రం ముందే పీకేయండి.

వైస్‌ని బల్ల మధ్యలో కాకుండా కాలు మీదికి వచ్చేలా పెట్టండి, దెబ్బ నేరుగా నేలకి దిగుతుంది. కదలని దవడ ముఖం బల్ల అంచుకంటే పిసరంత బయటికి ఉండాలి. పొడుగు పైపుని నిలువుగా బిగించాల్సి వచ్చినప్పుడు అంచు అడ్డురాకుండా ఉండేది అప్పుడే. చెక్కలోంచి పూర్తిగా దూరే హెక్స్ బోల్టులు వాడండి, వైస్ చిల్లులో పట్టినంత లావువి. కింద విడి వాషర్లు చెక్కలోకి దిగబడిపోతాయి కాబట్టి 6 మిల్లీమీటర్ల ఇనుప పట్టీ వేసి, దానిమీద నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది) బిగించండి. నెలకోసారి మళ్లీ బిగించి చూసుకోవాలి, పని చేసేకొద్దీ వదులవుతుంది.

ఎత్తుకి ఐటీఐ ఫిట్టర్లు చేసే పద్ధతే సరైనది: వైస్ పక్కన నిటారుగా నిలబడి పిడికిలి గడ్డం కింద పెట్టుకుంటే మోచెయ్యి దవడల పైభాగాన్ని తాకాలి. అయిదున్నర అడుగుల మనిషికి అది నేలనుంచి ఇంచుమించు 105 సెంటీమీటర్లు వస్తుంది. అందులోంచి వైస్ ఎత్తు తీసేస్తే బల్ల ఎత్తు తెలుస్తుంది. వైస్ కొనకముందే బల్ల చేయిస్తే ఇక్కడే దెబ్బతింటారు.

అద్దె ఫ్లాట్లవాళ్లకి గోడకి యాంకర్లు కొట్టే వీలు ఉండకపోవచ్చు. పైగా కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలు లోపల గాలి బుడగలుండే తేలిక ఏఏసీ బ్లాకులైతే మామూలు యాంకర్లు వాటిలో నిలవవు. ఫ్రేము కింది అరలో నాలుగు ఇసుక బస్తాలు పెట్టండి, ఆకురాయికీ హాక్సాకీ అది కదలదు. టేబుల్ అంచుకి తగిలించే క్లాంప్ వైసులు సోల్డరింగు, తాళంచెవి అరగదీయడం లాంటి చిన్న పనులకే. కాళ్ల కింద మందపాటి రబ్బరు ముక్కలు వేసినా సుత్తి చప్పుడు కింది ఇంట్లోకి దిగుతుంది. కాబట్టి కింది అంతస్తు పిన్నిగారు మధ్యాహ్నం కునుకు తీసే వేళకి ఆకురాయి పని మిగుల్చుకోండి.