బత్తాయి తోటలో గంపలు: ఏ కర్ర ఎంత ఆగింది

నల్లగొండ జిల్లాలోని మా తోటలో బత్తాయి కాయ మోయడానికి, పెంట ఎత్తడానికి, కల్లంలో పల్లికాయ నింపడానికి చాలా ఏళ్లుగా రకరకాల గంపలు వాడుతున్నాను. అల్లిక బిగువు చూసి గంప కొనేవారే ఎక్కువ గానీ, అది ఎన్నాళ్లు ఆగుతుందన్నది అంతకుముందే, ఏ కర్రలో ఏ భాగం తీసుకున్నారన్న దగ్గరే తేలిపోతుందని నా అభిప్రాయం.

బరువు మోయడంలో వెదురును మించినది నాకు కనబడలేదు. అయితే వెదురంతా ఒకటి కాదు. నల్లమల వైపు పెరిగే సాధన వెదురులో డొల్ల తక్కువ, కర్ర గట్టి. ముళ్ల వెదురు లావుగా ఉన్నా లోపల డొల్ల ఎక్కువ. మరీ లేత బొంగు సులువుగా చీలుతుంది గానీ ఎండేకొద్దీ బద్ద ముడుచుకుపోయి అల్లిక వదులవుతుంది. బాగా ముదిరినది వంచేటప్పుడే విరుగుతుంది. అంతకన్నా ముఖ్యమైనది బద్ద పొర. పైపొర బద్ద నున్నగా మెరుస్తుంది, గోటితో గీసినా గీత పడదు. లోపలి బద్ద తెల్లగా, పీచుగా ఉండి తడి తగిలితే త్వరగా నల్లబడుతుంది. అడుగూ అంచుకట్టూ పైపొర బద్దతో వేసిన గంపే కాయ బరువుకు నిలిచింది. రంగు పూస్తే ఈ తేడా కనబడదు కాబట్టి రంగు గంపలు నేను కొనను. పెళ్లి సారెకైతే అవి సరిపోతాయి.

వెదురుకు ఉన్న పెద్ద బాధ పుచ్చు పురుగు. బొంగులోని పిండి పదార్థం కోసమే అది చేరుతుంది కనుక, నరికిన బొంగులను కొన్నాళ్లు నీటిలో నానబెట్టి ఆ తర్వాత చీల్చి అల్లిన గంపలు మా ఇంట్లో ఎక్కువ కాలం ఆగాయి. కొనేముందు గంపను బోర్లించి అంచుపై తట్టితే సన్నని పిండి రాలిందంటే దానిని అక్కడే వదిలేయడం మంచిది.

పచ్చి పెంటకు మాత్రం ఎరుకలవారు అల్లే ఈత బరిగెల గంపే మేలు. ధర తక్కువ, పాడైనా బాధ ఉండదు. మట్ట మొదట్లోని ముళ్లు నున్నగా చెక్కారో లేదో వేళ్లతో తడిమి చూడాలి. బరిగె అంచులు గరుకుగా ఉండి బత్తాయి తొక్కను గీరుతాయి కాబట్టి, కాయకు వాడేటప్పుడు లోపల గోనెసంచి పరుస్తాను. కంది కట్టె గంప కోళ్లను కమ్మడానికి తప్ప మోతకు పనికిరాదు, ఎండితే పెళుసైపోతుంది.

2017లో అటవీ చట్టాన్ని సవరించి అడవి వెలుపల పెరిగే వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు కనుక, పొలం గట్టున పొద పెంచుకుని, తగిన వయసు బొంగును మనమే ఎంచి మేదరివారికి ఇచ్చి అల్లించుకోవచ్చు. మా గట్టు వెదురుతో అల్లించిన గంపలే ఇప్పుడు కాయ కోతకు వాడుతున్నాం.